అల్లుడుగారి జలగ

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, జనం నడుమ సందు చూసుకుంట పోతుంటే కోచింగ్ సెంటర్ రేలింగుకు కట్టిన ఫ్లెక్సీల మా సారు కనపడ్డడు. మెడల గులాబీల దండ. ఒంటి మీద నల్లకోటు, ఎర్ర టై. మా సారు జన్మల కోటు తొడగలే. మోచేతుల దాకా మడిచిన అంగీ, అంగీ జేబుల ఒక చిన్న సీసా, గంతే ఆయన అవతారం. ఆ కోటు ఎవరిదో, కోటు లోపలి భుజాలు ఎవరివో, సారు తలకాయ ఒక్కటి తెచ్చి మీద అతికిచ్చిన్రు. పక్క ఫ్లెక్సీల నెల రోజులల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తమనే పిలగాడు సుత అదే కోటు తొడుక్కొని ఉన్నడు.

ముందుగాల నవ్వొచ్చింది. సారు పోయి నెల దాటింది. సంతాపసభ ఇయ్యాల పెట్టిన్రు, ఎందుకంటే కొత్త బ్యాచ్ ఇయ్యాల మొదలైతది. కుర్చీలు, మైకు ఒక్కసారే కిరాయికి తెస్తే సరిపోతదాయె. నవ్వుకుంట కింద రాసిన లైను చదివిన.

“కొత్త జాతి జలగను కనుగొన్న మహా శాస్త్రవేత్తకు అశ్రునివాళి.”

నవ్వు ఆగిపోయింది. ఆ లైను అబద్ధం. అబద్ధమని చెప్పింది నేను కాదు, సారే. క్లాసుల నిలబడి, అందరి ముంగట చెప్పిండు. ఆ మాటను ఈ సెంటర్ బోర్డు మీదికెళ్లి తీపియ్యాలని ఎంత కొట్లాడిండో నాకెరుక. ఆ ఒక్క పనికే ఆయన్ను నేను గౌరవిస్త. మిగిలినయన్నిటికీ ఇప్పటికీ నవ్వుత.

మా సారుది కృష్ణకు అటొడ్డు, పల్నాడు. నాది ఇటొడ్డు, నల్లగొండ. ఆయన పశువైద్య కాలేజీల పాఠాలు చెప్పి రిటైరయ్యి, పంజాగుట్టల ఇల్లు తీసుకొని, అమీర్‌పేటల మాకు కోచింగ్ చెప్పేటోడు. పశువుల డాక్టర్ ఉద్యోగాల పరీక్షకు చదివేటోళ్లం మేము. ఆయన సబ్జెక్టు పరాన్నజీవులు. అంటే ఇంకో జీవి మీద పడి బతికేటివి: పేన్లు, గోమార్లు, జలగలు, నులిపురుగులు. వాటి ముచ్చట తప్ప ఆయన నోట ఇంకో ముచ్చట నేనైతే వినలే. పెండ్లికి పిలిస్తే పెండ్లికొచ్చి, పప్పు వడ్డిచ్చుకుంట గొర్రె పొట్ట గురించి మాట్లాడినోడు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోల ఒకటే స్టేషను. ఆయన ఎక్కేటోడు కాదు. ఎర్రటి ఎండల, చెమటలు కక్కుకుంట నడిచొచ్చేటోడు. “మెట్రో ఎక్కితే మధ్యలో ఏముందో తెలియదమ్మా. మధ్యలో ఏముందో తెలియనివాడికి పరాన్నజీవులు అర్థం కావు.” ఏమున్నది సారూ మధ్యల? చెప్పుల దుకాణాలు, చీరల దుకాణాలు, హారన్లు. ఆయన భార్యను, మా ఆంటీని సుత అట్లనే నడిపిచ్చేటోడు, కూరగాయల సంచి ఆమె చేతుల, సీసా తన జేబుల.

మా క్లాసు మూడో అంతస్తుల. మా నెత్తి మీద కంప్యూటర్ కోర్సులు, మా కాళ్ల కింద బిర్యానీ హోటల్, నడుమ మేము, మా జలగలు. సారు పాఠం చెప్పంగ చెప్పంగ కిటికీ కాడికి పోయి మెయిన్ రోడ్డును చూపిచ్చేటోడు.

“అదిగో, అటువైపు లేడీస్ హాస్టలు. ఇటువైపు జెంట్స్ హాస్టలు. రెండిట్లోనూ నల్లులున్నాయి. ఉన్నాయా లేదా?”

“ఉన్నయి సార్,” అని అందరం గోక్కునేటోళ్లం.

“నల్లి రోడ్డు దాటదు. దానికి కాళ్లున్నాయి గానీ అంత పని చేసుకోదు. మనిషి మోస్తేనే పోతుంది. మనుషులు అటూ ఇటూ మారడం మానేశారనుకో, అటు నల్లులు అటే కంటాయి, ఇటువి ఇటే కంటాయి. తరాలకి తరాలు గడిస్తే చిన్న చిన్న తేడాలు పోగుపడతాయి. ఒక రోజు ఎవడో పరుపు మోసుకొచ్చి రెండిటినీ కలిపితే, అవి జత కట్టవు. అప్పుడవి రెండు జాతులు. నది అడ్డం పడినా అంతే, కొండ అడ్డం పడినా అంతే. గొర్రె ఏ ఒడ్డున ఉంటే దాని కడుపులో పురుగుకి అదే లోకం.”

చెప్తే బాగ చెప్తుండె, ఆ మాట ఒప్పుకోవాలె. గాని నాకు నోరాగదు. “సార్, హాస్టళ్లు నెలకోసారి మారుతనే ఉంటం కద, పరుపుతోని సహా. ఇగ ఏడ విడిపోతయి? గొర్రెలు సుత అంతే. మా దిక్కు అంగళ్లకు అటొడ్డు పొటేళ్లు లారీలల్ల దిగుతయి.”

“నువ్వు ముందు పాఠం విను,” అనేటోడు మొఖం గంటు పెట్టుకొని. వెనక బెంచి నుంచి ఇంకొకడు, “సార్, ఇది బిట్ వస్తదా?” అనేటోడు. పరీక్షల ఒక్క మార్కు ప్రశ్న వస్తదా రాదా, మా అందరికీ అదొక్కటే ఫికరు. సారు చాక్‌పీసు బల్ల మీద కొట్టి, “సృష్టి గురించి చెబుతుంటే బిట్టు అంటాడేంటయ్యా వీడు!” అని కేకలేసేటోడు.

ఆయన సృష్టి మొత్తం ఒక్క పురుగుల ఉండె. దాన్ని పొట్ట జలగ అంటరు. గొర్రె పొట్టల గోడకు అతుక్కొని, గులాబీ రంగుల, దానిమ్మ గింజంత ఉంటది. దాని గుడ్లు పెంటికలల్ల బయటికొచ్చి చెరువుల పడతయి, పిల్ల పోయి నత్తల దూరతది, నత్తల నుంచి బయటికొచ్చి గడ్డికి పట్టుకుంటది, ఆ గడ్డి గొర్రె తింటది. “నత్త నది దాటదు, గడ్డి దాటదు, నా జలగ ఎట్టా దాటుద్దమ్మా?” అనేటోడు. ఇటొడ్డు గొర్రెలల్ల ఉన్నది అటొడ్డు దాని తీరు లేదని, ఇది వెడల్పుగుంటదని, దీని తోక దిక్కు గోడకు అతుక్కునే పట్టు పెద్దదని, ఇది లోకానికి తెల్వని కొత్త జాతి అని ఆయన నమ్మకం. ఉద్యోగం చేసినన్ని రోజులు రెండొడ్ల జలగలు పోగుచేసిండు. కాగితం రాసి పంపితే పత్రికలోళ్లు తిప్పి పంపేటోళ్లు. “వాళ్లకి నది తెలియదు,” అనేటోడు.

నేను అప్పుడు యూసుఫ్‌గూడల రూము తీసుకొని ఉంటుంటి. ఒక ఐతారం మటన్ షాపుకు పోతే ఆడ లైన్ల మా సారు. ముంగట బోటి కుప్ప.

“కడగొద్దు, కడగొద్దు! అట్టాగే తిప్పి చూపించు,” అని షాపాయనను సతాయిస్తుండె. షాపాయన తిప్పంగనే, సారు అంత వయసుల ఎగిరి, “ఉంది! ఉంది! చూడమ్మాయ్, ఎన్ని జలగలో!” అని ఒర్రిండు.

నా వెనక నిలబడ్డ ఇద్దరు ఆడోళ్లు చెంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగిపోయిన్రు. షాపాయన చేతులు జోడిచ్చిండు. “సార్, మీకు దండం పెడ్త. జర గా పక్కకొచ్చి చూసుకోండ్రి. మీరొచ్చిన రోజు నా గిరాకీ అంత ఖరాబ్ అయితాంది.” సారు మాత్రం సీసాల జలగలు వేసుకొని, మూత పెట్టి, జేబుల పెట్టుకొని, మస్తు ఖుషీగ అదే చేత్తోని నా భుజం తట్టిండు. ఆ చుడీదార్ నేను మళ్ల తొడగలే.

ఇగ ఆంటీని క్లాసుల తిట్టే ముచ్చట చెప్పాలె. జలగను అట్లనే చూస్తే లోపలి భాగాలు కనపడయి. రెండు గాజు పలకల నడుమ పెట్టి, దారంతోని కట్టి, మందుల వేస్తే పలచగ పరుచుకుంటది. ఆ కట్టుడు మాకు నేర్పిచ్చుకుంట ప్రతిసారి ఒకటే మాట: “బిగించి కట్టాలి. మా ఆవిడ కట్టినట్టు కాదు. ఆవిడకి ముడి వెయ్యడం రాదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క ముడి సరిగ్గా వెయ్యలేదు.” మేము కిసకిస నవ్వేటోళ్లం. అదే నోటితోని, కొత్త జాతికి ఆంటీ పేరే పెడతననేటోడు. ఒకసారి ఇంటికి పోయినప్పుడు ఆంటీ ముంగటనే అన్నడు. ఆంటీ టీ కప్పులు టక్కున పెట్టింది.

“జలగకా నా పేరు? గొర్రె కడుపులో ఉండే జలగకి? ఇంతకంటే మంచి గౌరవం దొరకలేదా మీకు?”

“లాటిన్‌లో పెడతానే, ఎవరికీ తెలియదు,” అన్నడు సారు.

నాకు ఉద్యోగమొచ్చింది. జీవాల రోగాలు పరీక్ష చేసే ల్యాబ్‌ల వేసిన్రు. సంబరపడేది పోయి సారు రోజూ ఫోను. “అమ్మాయ్, నీ దగ్గరకి రెండొడ్ల గొర్రెలూ వస్తాయిగా. తాజా జలగలు కట్టి చూడు. కొలతలు నువ్వు రాసిస్తే ఈసారి వాళ్లు కాదనలేరు.” ఇంకో దిక్కు కోచింగ్ సెంటర్ డైరెక్టర్, మా ఈడు పిలగాడే, వానికి ఈ సంగతి తెలిసి, కాగితం అచ్చు కాకముందే బోర్డు రాయించిండు: కొత్త జాతి జలగను కనుగొన్న శాస్త్రవేత్త మా దగ్గర బోధిస్తున్నారు. జాతికి సెంటర్ పేరు పెడితే బాగుంటదని సుత అడిగిండట. సారు ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగిండు. దాని ముంగటికెళ్లే రోజూ పైకి పోయేటోడు, ఒకసారి తలెత్తి చూసుకొని మరీ.

నేను కట్టి చూసిన. ఇటొడ్డువి, అటొడ్డువి, అన్నీ నా చేత్తోనే, ఒకటే తీరుగ. ఏ తేడా లేదు. అన్నీ ఒకటే వెడల్పు, ఒకటే పట్టు. మళ్ల కట్టిన, మళ్ల అంతే. ఈ మనిషికి పోయి ఎట్ల చెప్పాలె? జీవితమంత దీని మీదనే పెట్టిండు, ఇంత పెద్ద బోర్డు సుత కట్టిన్రు.

పంజాగుట్ట ఇంటికి పోయి ఆయన పాత పలకల డబ్బా అడిగిన. చూస్తే ఇటొడ్డు జలగలు నిజంగనే వెడల్పుగున్నయి. అప్పడాల లెక్క ఒత్తుకుపోయి ఉన్నయి. అటొడ్డువి బొద్దుగ, నేను కట్టిన వాటి తీరుగనే ఉన్నయి.

“సార్, ఇవి కట్టింది ఎవరు?”

“నేనే. ఇంకెవరు కడతారు?”

వంటింట్ల నుంచి ఆంటీ గొంతు: “అటొడ్డువన్నీ నేను కట్టాను కదండీ.”

“నువ్వెందుకు కట్టావు?”

ఆంటీ చేతులు తుడుచుకుంట బయటికొచ్చింది. “మరిచిపోయారా? అవన్నీ మా పుట్టింటికి వెళ్లినప్పుడు తెచ్చినవేగా. అక్కడ మీరు పని చేస్తే మా అమ్మ ఊరుకునేదా? అల్లుడుగారు మంచం దిగకూడదాయె. అల్లుడుగారికి గారెలు, అల్లుడుగారికి పెరుగన్నం, అల్లుడుగారు కాసేపు నడుం వాల్చాలి. మీరు గుర్రు పెడుతుంటే ఆ కంపు పురుగులన్నీ నా నెత్తిన వేసేవాళ్లు.”

“మరి గట్టిగ కట్టకపోయిన్రా ఆంటీ?” అని అడిగిన.

“ముట్టుకోవాలంటేనే చీదరమ్మా. రెండు చుట్లు తిప్పి, కళ్లు మూసుకొని ముడేసి, పోయి తలకి పోసుకునేదాన్ని.”

సారు కుర్చీల నుంచి లేచిండు. మొఖం ఎర్రగైంది. “నీ కొలతలు తప్పు. నీ దారం తప్పు. మీకు సరిగ్గా నేర్పలేదు నేను,” అని నన్ను తిట్టిండు. ల్యాబ్‌ను తిట్టిండు. అచ్చు వెయ్యని పత్రికలను తిట్టిండు. నాకు రోషమొచ్చింది. “అయితే మీరే కట్టుండ్రి సార్. ఒకటే గొర్రెవి తెస్త. సగం మీరు, సగం ఆంటీ.”

తెల్లారి తెచ్చిన. అన్నం తినే బల్ల మీద పేపరు పరిచి ఇద్దరూ చెరో దిక్కు కూసున్నరు. సారు పండ్లు బిగవట్టి కట్టిండు, దారం వేలిల దిగి గీత పడ్డది. ఆంటీ మొఖం పక్కకు తిప్పుకొని కట్టింది. మరునాడు నేను ఇంటికి మోసుకుపోయిన మైక్రోస్కోపుల సారు చూసిండు. మళ్ల మళ్ల చూసిండు. ఒకటే గొర్రె పొట్టల నుంచి వచ్చిన జలగలు రెండు జాతులై కూసున్నయి. సారు వేలు పడ్డయి కొత్త జాతి, ఆంటీ వేలు పడ్డయి పాతది.

నాకైతే నవ్వు, ఏడుపు ఒక్కసారే వస్తున్నయి.

“మనిద్దరి మధ్యా నది ఎప్పుడు పారిందే?” అన్నడు సారు ఆఖరికి.

“పెళ్లయినకాణ్ణించీ పారుతూనే ఉంది. మీకిప్పుడు కనపడింది,” అన్నది ఆంటీ, పేపరు తీసి బల్ల తుడుచుకుంట.

ఇంకొకరైతే డబ్బా మూసి ఊకునేటోళ్లు. నన్ను సుత నోరు మూసుకొమ్మంటే నేను మూసుకుందునేమో, మా సారే కద. ఆయన అట్ల అనలే. మరునాడే క్లాసుల నిలబడ్డడట. ఆ బ్యాచ్ పిల్ల ఒకామె నాకు ఫోన్ చేసి అంత చెప్పింది.

“నదులు జాతుల్ని విడదీస్తాయి, అది నిజం. కానీ నా జలగల్ని నది విడదీయలేదు, నా బొటనవేలు విడదీసింది. అత్తగారింట్లో నేను పడుకున్నాను, మా ఆవిడ కట్టింది. ఆవిడ కట్టినవే సరైనవి. ఇంకో సంగతి. గొర్రెలు లారీల్లో నది దాటుతాయని ఒక నల్లగొండ అమ్మాయి చెబితే నేను వినలేదు. అదీ రాసుకోండి.”

“సార్, ఇది బిట్ వస్తదా?” అన్నడట ఎవడో.

“రాదు. అందుకే రాసుకోమంటున్నా.”

పాఠం అయినంక కిందికి దిగి బోర్డు తియ్యమన్నడు. డైరెక్టర్ రేపు, మాపు అన్నడు. సారు రోజూ అడిగిండు. ఒక రోజు తనే కుర్చీ వేసుకొని ఎక్కబోతే వాచ్‌మెన్ పట్టుకున్నడు. ఆఖరికి తీసిన్రు. బోర్డుతో పాటు బ్రోచర్ల సారు ఫొటో సుత తీసిన్రు, క్లాసులు తగ్గిచ్చి పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నం పూట పెట్టిన్రు. ఆయన అట్లనే నడిచొచ్చి చెప్పిపోయేటోడు. జేబుల సీసా ఉంటనే ఉండె. పోయే దాకా ఉండె.

గిప్పుడు మళ్ల అదే లైను. కంప్యూటర్ల ఫైలు పాతదే, దండ ఒక్కటి కొత్తది.

డైరెక్టర్ మెట్ల కాడ కొత్త బ్యాచ్ పిల్లలకు నమస్తే పెడుతున్నడు. పోయి అడిగిన.

“ఆ లైను తియ్యుండ్రి.”

“మేడం, పోయినాయనకు ఒక మంచి మాట రాస్తే మీకేం నొప్పి?”

“ఆయన వద్దన్న మాట అది.”

“అప్పుడు వద్దన్నరు మేడం. ఇప్పుడు అనరు కద,” అన్నడు మస్తు తియ్యగ నవ్వి.

గా మాటకు చెంప పగలగొట్టాలె గని, చుట్టూ పిల్లలు. అంతల వెనక నుంచి ఆంటీ వచ్చింది. పంజాగుట్ట నుంచి నడిచే వచ్చినట్టుంది, కొంగుతోని మెడ తుడుచుకుంటున్నది. ఫ్లెక్సీ ముంగట నిలబడి కింది నుంచి పై దాకా చూసింది.

“ఈ కోటెవరిదమ్మా?”

“ఎవరిదో ఆంటీ.”

లైను చదివింది. చేతి సంచి నాకిచ్చి, రేలింగు కాడికి పోయి తాడు ముడి పట్టుకున్నది.

“అమ్మా, ఏం చేస్తున్నరు? సభ ఉన్నది కద!” డైరెక్టర్ ఉరికొచ్చిండు.

“ముడి విప్పుతున్నాను నాయనా. వెయ్యడం రాదని మీ సారు ఊరందరికీ చెప్పారు. విప్పడం రాదని ఎప్పుడూ అనలేదు.”

పిల్లలంత చూస్తున్నరు. ముసలామె మీద చెయ్యి వేసే ధైర్యం వానికి లేకపాయె. ఒక ముడి ఊడింది, నేను పోయి రెండోది పట్టుకున్న. ఫ్లెక్సీ జారి మా ఇద్దరి మీద పడ్డది. చుట్ట చుట్టి చంకల పెట్టుకున్న. “మీరు సభ చేసుకోండి,” అన్నది ఆంటీ వానితోని. “జలగ లేకుండా చేసుకోండి.”

రోడ్డు మీదికొచ్చినంక ఆంటీ ఆగింది. “ఇవాళ మెట్రో ఎక్కుదామమ్మా. నేనెప్పుడూ ఎక్కలేదు.”

ఎక్కినం. అద్దం పక్కన సీటు ఇప్పిచ్చిన. బండి కదలంగనే ఆమె మెడ వంచి కిందికి చూసుడు మొదలుపెట్టింది, పంజాగుట్ట వచ్చేదాకా తల తిప్పలే.

“ఏం చూస్తున్నరు ఆంటీ?”

“మధ్యలో ఏముందో చూద్దామని. చెప్పుల షాపులేనమ్మా. ఇన్నేళ్లూ ఇందుకా నడిపించారు ఈ మనిషి నన్ను!”

నవ్వుకుంటనే అన్నది. నవ్వుకుంటనే ఏడ్చింది. పంజాగుట్టల దిగి, నేను ఇంటి దిక్కు తిరగబోతే, చెయ్యి పట్టుకొని ఆపింది.

“అమీర్‌పేట దాకా వెనక్కి నడిచి వెళ్దామా?” అన్నది.